అద్దెకు కలదు

సీతాఫల్‌మండి స్టేషన్ వెనుక గల్లీల
మిరపకాయ బజ్జీల బండి ఆనుకున్న బంగ్ల మీద
ఒక్కటే గది.
"స్పానిష్ నేర్పబడును" అని రాయమన్నడు
ఇన్నారెడ్డి సారు.
నేను నిచ్చెన మీద, చేతిల నీలం డబ్బా,
పండ్ల నడుమ సన్న బ్రష్షు.
ఫ్లెక్సులొచ్చి నా చెయ్యి ఎండినంక
ఆ నెలల దొరికిన మొదటి పని.

కింద నిలబడ్డ మనిషి ఊకుంటడా.
సెమినరీల తొమ్మిదేండ్లు చదివి
ఫాదర్ కాకుండనే బయటపడ్డోడు.
వచ్చేటప్పుడు లాటిన్ ఒక్కటే తెచ్చుకున్నడట,
పెట్టెల ఇంకేం లేదట.

"కొమ్రెల్లీ, నీకు ఇల్లున్నదా?"
"కిరాయిది సారూ."
"సూడు, నాకు ఇల్లున్నది అంటం.
ఇల్లున్నది. దాని పాటికి అది ఉన్నది.
నువ్వు పక్కకు నిలబడ్డవ్, అంతే.
లాటినోళ్ళు సుత గట్లనే అనేటోళ్ళు.
దాని పక్కపొంటనే ఒక పిడికిలి మొలిచింది:
హాబెయో.
పట్టుకున్న. నాది."

పిడికిలి ఎన్నేండ్లని బిగిసి ఉంటది?
సిపాయిల నోట్లె, ఉప్పు అమ్మేటోళ్ళ నోట్లె,
గాడిదలు తోలేటోళ్ళ నోట్లె నాని నాని
ముందుగాల హ ఊడింది.
బ మెత్తబడి వ అయింది.
ఇటలీల "ఓ" అని మిగిలింది,
ఫ్రాన్సుల "ఎ",
రుమేనియాల "అమ్",
పిల్లగాడు బువ్వ ముద్దకు నోరు మూసినట్టు.
స్పెయిన్ల అయితే దాని ఆస్తే పోయింది.
నాకు ఇల్లున్నది అనాల్నంటే ఆడ
"తెంగో" అని ఇంకో మాటను పిలవాలె.
పాతకాలంల దాని అర్థం సుత పట్టుకొనుడే.
ఒక చెయ్యి సడలితే ఇంకో చెయ్యి.

"మరి మొదటిది సచ్చిపోయిందా సారూ?"
అప్పటికి నేను "నేర్ప" కాడ ఉన్న.

"సావలే. వేరే మాటల తోకకు అంటుకున్నది.
పాడుడు అని చెప్పి పక్కన హాబెయో అనేటోళ్ళు,
పాడాల్సింది నా తాన ఉన్నది అన్నట్టు.
అదే అరిగి అరిగి 'కాంతరే' అయింది.
పాడుత. రేపు.
చేతిల ఉన్నదనుకున్నది
పోయి రేపట్ల పడ్డది."

బ్రష్షు ఆగింది.
వెయ్యిండ్లకు నేను రాసిన మాట యాదికొచ్చింది:
గది అద్దెకు కలదు.
కలదు అని నోటితోని ఎవరంటరు?
మా అమ్మ అనలే. నా పెండ్లాం అనదు.
ఏ కిరాణ దుకాణంల
"ఉప్పు కలదా" అన్నోణ్ణి నేను సూడలే.
గోడల మీద, నా రంగుల, గంతే దాని బతుకు.
"గని సారూ," అన్న నిచ్చెన మీదికెల్లి,
"చేయగలను, రాగలను, వాటి తోక అదే గద?
సికింద్రాబాద్ స్టేషన్ల మైకుల ఆమె
మరికొద్ది సేపట్లో రాగలదు అంటది సూడుండ్రి,
ఇంకా రాని బండిని?"

సారు చానసేపు మాట్లాడలే.
కింద బజ్జీల నూనె చుయ్యిమన్నది.
ఆయన నవ్విన నవ్వుకు
నేను వంద తగ్గించిన.
తగ్గించినంక సుత ఆయన తాన సగమే ఉన్నయి.
మిగిలినయి "ఇవ్వగలను" అన్నడు,
తోకను ఒత్తి పలుక్కుంట.

మొన్న రంజాన్ అయినంక
ఓనరమ్మ షమీమ్ బేగం ఫోన్ చేసింది.
గోడ తుడిచి కొత్తగ రాయాల్నట.
సారు ఎటు పోయిండో ఆమెకు తెల్వదు,
రెండు నెలల కిరాయి బాకీ అట.
సున్నమేసిన. రెండు పూతలు.
అయినా "బడును" కాడ నీలం
సన్నగ మీదికి తేలుతనే ఉన్నది.
దాని మీదనే రాసిన: గది అద్దెకు కలదు.
ఎమ్మెమ్టీఎస్ పోతుంటే నిచ్చెన వణికి
ఆఖరి దు కొమ్ము కొంచెం పొడుగు సాగింది.
తుడవలే.

నాకు రావాల్సిన సగం పైసలు
ఉన్నయి.
వాటి పాటికి అవి, యాడనో.